చీకట్లో నీడ ఎక్కడికి పోతుంది?

మీ ఇంట్లో అయిదారేళ్ళ తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ ప్రశ్న వేసి చూడండి. "ఎక్కడికీ పోదు. చీకటి కదా, కనిపించదంతే!" అని జవాబు రావచ్చు. నవ్వకండి! స్విట్జర్లాండు మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే 1920లలో ఎందరో పిల్లల్ని నీడ గురించి అడిగాడు. నీడ అంటే వస్తువులోంచి బయటికి వచ్చే ఏదో పదార్థమని చిన్నవాళ్ళు అనుకుంటున్నారని తేలింది. వెలుతురుకు వస్తువు అడ్డుపడటమే కారణమని సరిగా చెప్పగలిగినవాళ్ళు దాదాపు తొమ్మిదేళ్ళవాళ్ళు.

'కాంతి రుజుమార్గంలో ప్రయాణిస్తుంది' అని మీ పుస్తకంలోని వాక్యం వాడికి అప్పజెప్పి లాభం లేదు. వాడూ చిలకలా వల్లిస్తాడు. అంతకంటే, వాణ్ణే నీడలోకి పంపండి.

రాత్రి పెద్దవాళ్ళు దగ్గరుండగా బల్లమీద కొవ్వొత్తి వెలిగించి, మిగతా దీపాలు ఆర్పేయండి. కొవ్వొత్తికీ గోడకూ మధ్య ఒక అట్ట పట్టుకోండి. గోడమీద పడిన నీడలో ముఖం ఉండేలా తమ్ముణ్ణి గోడకు ఆనించి నిలబెట్టండి.

"మంట కనిపిస్తోందా?"

"లేదు. అట్ట అడ్డం!"

మెల్లగా పక్కకు జరగమనండి. నీడ అంచు దగ్గర మంట కొంచెమే కనిపిస్తుంది. ఇంకా జరిగితే మొత్తం కనిపిస్తుంది. కంటికి మంట కనబడలేదంటే దాని వెలుతురు అక్కడికి చేరలేదన్నమాట. గోడ సంగతీ అంతే.

ఇప్పుడు రెండో కొవ్వొత్తి తీసుకోండి. వెలిగించక ముందే "ఎన్ని నీడలు పడతాయి?" అని అడగండి. జవాబు చెప్పాకే వెలిగించాలి సుమా! రెండు నీడలు పడతాయి, రెండూ పలచగానే ఉంటాయి. ఎందుకు పలచబడ్డాయో మీరు చెప్పొద్దు. ఒక నీడలో ముఖం పెట్టి చూస్తే, ఒక మంట దాగి రెండోది కనిపిస్తుంది. వాడే చెబుతాడు.

ఇక మీ వంతు. దీపం పూర్తిగా దాగిన చోటు ప్రచ్ఛాయ, కొంత మాత్రమే దాగిన చోటు ఉపచ్ఛాయ. ట్యూబులైటు కింద పెన్సిలును ట్యూబుకు సమాంతరంగా పట్టుకుంటే నీడ స్పష్టంగా పడుతుంది. అడ్డంగా తిప్పండి, చెదిరిపోతుంది. ఎందుకో ఆలోచించండి.

సూర్యుడూ చుక్కలాంటి దీపం కాదు, మనకు దాదాపు అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు. (ఇక్కడ మాత్రం కన్ను పెట్టి చూడకూడదు!) అందుకే ఎండలో ఏ వస్తువు ప్రచ్ఛాయ అయినా దాని వెడల్పుకు సుమారు 108 రెట్ల దూరంలో ముగిసిపోతుంది. 20 సెంటీమీటర్ల గాలిపటానికి అది 22 మీటర్లు కూడా ఉండదు. ఎత్తున ఎగిరే గద్ద నీడ నేలమీద కనబడకపోవడానికి కారణమిదే.

మరి చంద్రుడో? వ్యాసం 3,474 కిలోమీటర్లు. 108తో హెచ్చవేస్తే దాదాపు 3,75,000 కిలోమీటర్లు. మనకూ చంద్రుడికీ మధ్య సగటు దూరం 3,84,400. చంద్రుడు కాస్త దగ్గరగా వచ్చినప్పుడే ఆ నీడ కొస భూమిని తాకుతుంది. 1980 ఫిబ్రవరి 16న అది హైదరాబాదు దగ్గరి జపాల్–రంగాపూర్ వేధశాల మీదుగా సాగిపోయింది. అక్కడ పట్టపగలే సూర్యుడు పూర్తిగా మరుగయ్యాడు.