మచ్చను దాటి వెళ్లిన గొట్టం

గాయం త్వరగా మానితే ఏ వైద్యుడికైనా సంతోషమే, ఒక్క నీటికాసుల ఆపరేషన్‌లో తప్ప. గ్లకోమా అని డాక్టర్లు పిలిచే ఈ జబ్బులో కంట్లో ఊరే నీరు సరిగ్గా బయటికి పోదు, ఒత్తిడి పెరిగి చూపునరం దెబ్బతింటుంది. కాబట్టి నీటికి కొత్త దారి తెరవాలి, అది మూసుకుపోకుండా చూడాలి. శరీరానికి మాత్రం ఆ దారి కూడా ఒక గాయమే. మచ్చ కట్టి పూడ్చేస్తుంది.

1968లో కేంబ్రిడ్జ్ డాక్టర్ జాన్ కెయిర్న్స్ ట్రాబెక్యులెక్టమీని ప్రకటించాడు. తెల్లగుడ్డులో సగం మందానికి చిన్న పొర లేపి, దాని కింద రంధ్రం చేస్తారు. నీరు పైనున్న పల్చటి కంజంక్టివా కిందికి చేరి చిన్న బుడగలా నిలుస్తుంది. తమాషా ఏమిటంటే, కెయిర్న్స్ ఉద్దేశం ఇది కాదు. నీరు కంటిలోని సహజమైన కాలువలోకే పోతుందని ఆయన ఊహించాడు. ఊహ తప్పినా ఆపరేషన్ మాత్రం నిలిచింది.

అంతకు చాలా ముందే కొందరు వేరే దారి పట్టారు. రంధ్రం మూసుకుపోతుంటే అందులో ఏదైనా వస్తువు పెడితే సరిపోదా? ఫ్రాన్స్‌లో రొలే గుర్రపు వెంట్రుకను, 1912లో జొరాబ్ పట్టుదారాన్ని ప్రయత్నించారు. ఏవీ నిలవలేదు. వస్తువు చుట్టూ కూడా మచ్చ కడుతుంది మరి.

దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో ఆంథనీ మోల్టెనో ఆ మచ్చతో పోట్లాడటం మానేశాడు. 1969లో ఆయన ప్రకటించిన పరికరంలో సన్నటి గొట్టానికి చివర ప్లాస్టిక్ పలక ఉంటుంది. మచ్చ ఎలాగూ కడుతుంది కదా, పలక చుట్టూ వెడల్పుగా కట్టనిస్తే దాని లోపలే నీరు నిలిచి, గోడల గుండా నెమ్మదిగా ఇంకుతుంది. మొదట పలకను నల్లగుడ్డు అంచుకు దగ్గరలో కుట్టేవారు. అక్కడ పైపొర చిరిగి పలక బయటపడేది. 1970లలో గొట్టాన్ని పొడిగించి పలకను కనుగుడ్డు వెనక భాగానికి జరిపాడు. చెరువు నీటిని గట్టు దగ్గరే వదలకుండా తూము ద్వారా దూరపు పొలానికి పంపినట్టు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఈ జరపడమే. తర్వాత బేర్వెల్ట్ 350 చదరపు మిల్లీమీటర్ల పెద్ద పలకను, 1993లో అహ్మద్ కవాటమున్న గొట్టాన్ని తెచ్చారు.

ట్రాబెక్యులెక్టమీనా, గొట్టమా అన్నది ఆ కంటికి ముందు జరిగిన ఆపరేషన్ మీద కూడా ఆధారపడుతుంది, ముఖ్యంగా శుక్లాల ఆపరేషన్ మీద. కంటి పైభాగంలో కంజంక్టివాను విడదీసి, తెల్లగుడ్డులో సొరంగంలా కోసి శుక్లం తీసే పద్ధతి మన దేశంలో ఇప్పటికీ విస్తృతంగా ఉంది. ట్రాబెక్యులెక్టమీకి కావలసింది కూడా పైరెప్ప కప్పే ఆ చోటే. తర్వాత వచ్చే సర్జన్‌కు అక్కడ జారే పొర బదులు అతుక్కుపోయిన మచ్చ దొరుకుతుంది. నల్లగుడ్డు అంచున చిన్న కోతతో చేసే ఫేకో అనే శుక్లం ఆపరేషన్ కంజంక్టివాను తాకదు, అంతవరకు మేలే. అయినా సహజమైన కటకం తీసేసిన కంటి నీటిలో వాపును రేపే ప్రొటీన్లు ఎక్కువగా కనిపించాయి. అవి కూడా మచ్చను ఎగదోయవచ్చు.

గొట్టాన్నీ ట్రాబెక్యులెక్టమీనీ పోలుస్తూ అమెరికా కేంద్రంగా జరిగిన టీవీటీ పరీక్ష ఇలాంటి 212 కళ్లను తీసుకుంది. అవి శుక్లం ఆపరేషనో, విఫలమైన ట్రాబెక్యులెక్టమీయో, లేదా రెండూ అయిన కళ్లు. ఐదేళ్లకు గొట్టం విఫలమైనవి 29.8 శాతం, ట్రాబెక్యులెక్టమీ విఫలమైనవి 46.9 శాతం. అదే బృందం ఎప్పుడూ కత్తి పడని కళ్లలో పోల్చినప్పుడు ఏడాదికే ఫలితం తిరగబడింది: గొట్టానికి వైఫల్యం 17.3 శాతం, ట్రాబెక్యులెక్టమీకి 7.9. ఐదేళ్లకు ఆ తేడా పలచబడింది. రెండు పరీక్షల రోగులు వేరు కాబట్టి నేరమంతా శుక్లం ఆపరేషన్ మీద వేయడం తొందరపాటే. అయినా గొట్టం మంచిదా కాదా అని కంటి చరిత్ర చూడకుండా అడగడం వృథా అని ఈ అంకెలు చెబుతున్నాయి.

గొట్టం ధర చాలాకాలం మన రోగులకు అందలేదు. మదురైలోని ఆరోల్యాబ్ బేర్వెల్ట్ నమూనాలో తక్కువ ధర పరికరాన్ని తెచ్చాక పరిస్థితి మారింది.

శుక్లం ఆపరేషన్ గొట్టానికి ఒక మేలు కూడా చేస్తుంది. సహజ కటకం ఉన్న కంట్లో గొట్టం మొన దానికి తగిలితే శుక్లం రావచ్చు, ముందుకు జరిగితే నల్లగుడ్డు లోపలి కణాలు చస్తాయి. కృత్రిమ కటకం ఉన్న కంట్లోనైతే సర్జన్ ఆ మొనను కనుపాప తెర వెనక, కటకానికి ముందున్న సందులో ఉంచవచ్చు. అక్కడినుంచి నల్లగుడ్డు దూరం.