బేరియాట్రిక్ శస్త్రచికిత్స తరువాత వైద్య అవసరాల వెల్లడి

బేరియాట్రిక్ శస్త్రచికిత్స అనగా స్థూలకాయం గలవారిలో బరువు తగ్గించడానికి జీర్ణాశయంపైన, కొన్ని పద్ధతులలో చిన్నప్రేగుపైన కూడా చేసే శస్త్రచికిత్స. దీనివలన జీర్ణవ్యవస్థలో కలిగే మార్పు సాధారణంగా జీవితాంతం ఉంటుంది. కాని బయటకు కనిపించే గుర్తులు పొట్టమీద కొన్ని చిన్న మచ్చలు మాత్రమే. అందువలన ఈ శస్త్రచికిత్స చేయించుకున్న వ్యక్తి తరువాతి కాలంలో ఏ వైద్యుని వద్దకు ఏ కారణంగా వెళ్ళినా, శస్త్రచికిత్స పేరును, దానివలన ఏర్పడిన ప్రత్యేక అవసరాలను తానే తెలియజేయవలసి ఉంటుంది. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల వంటి ప్రాంతాలలో శస్త్రచికిత్స ఒక నగరంలోను, ఆ తరువాతి వైద్యం చాలావరకు సొంత ఊరిలోను జరుగుతాయి. కనుక అక్కడ ఈ విషయానికి మరింత ప్రాముఖ్యత ఉన్నది.

శస్త్రచికిత్స రకాలు

బరువు తగ్గించడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ పద్ధతిని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ మేసన్ 1966లో ప్రవేశపెట్టాడు. నేడు ఎక్కువగా చేసే పద్ధతులు రెండు.

* స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ: జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం భాగాన్ని తొలగించి, మిగిలిన దానిని సన్నని గొట్టంలా ఉంచుతారు.
* గ్యాస్ట్రిక్ బైపాస్: జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని ఏర్పరచి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. ఆహారం మిగిలిన జీర్ణాశయాన్ని, చిన్నప్రేగు మొదటి భాగాన్ని తాకకుండా ముందుకు పోతుంది.

రెండింటిలోను ఆహార పరిమాణం తగ్గుతుంది. బైపాస్‌లో పోషకాలు, కొన్ని మందులు ఒంటికి పట్టే తీరు కూడా మారుతుంది. కాబట్టి "కొవ్వు తీసే ఆపరేషన్ అయింది" అని చెప్పడం చాలదు. కొవ్వును తీసే లైపోసక్షన్‌కు, ఈ శస్త్రచికిత్సలకు సంబంధం లేదు. జరిగినది స్లీవా, బైపాసా అన్నది వైద్యునికి తెలియాలి.

ఉత్తర తెలంగాణలో పరిస్థితి

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పూర్వపు ఆదిలాబాదు జిల్లా నుండి నిర్మల్, మంచిర్యాల, కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలు, పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతవాసులు పెద్ద శస్త్రచికిత్సలకు హైదరాబాదుకు వెళ్ళడం పరిపాటి. హైదరాబాదు కరీంనగర్‌కు సుమారు 160 కి.మీ., ఆదిలాబాదుకు సుమారు 300 కి.మీ. దూరంలో ఉన్నది. ఆదిలాబాదు వారు నాగపూర్‌కు కూడా వెళ్తుంటారు.

శస్త్రచికిత్స పూర్తయి ఇంటికి చేరిన రోగికి జ్వరం వచ్చినా, నడుము నొప్పి వచ్చినా చూసేది ఊరిలోని ఆర్.ఎం.పి., ప్రాథమిక ఆరోగ్య కేంద్రం లేదా సమీప పట్టణంలోని ఆసుపత్రి. ఆదిలాబాదులోని రాజీవ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ (రిమ్స్), కరీంనగర్‌లోని ప్రభుత్వ, ప్రైవేటు వైద్య కళాశాలల వంటి పెద్ద ఆసుపత్రులలో సైతం, రోగి చెప్పనిదే మరొక నగరంలో జరిగిన చికిత్స వివరాలు తెలిసే అవకాశం తక్కువ. డిశ్చార్జి పత్రం సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. తెలుగు, గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ మాట్లాడే కుటుంబాలలో దానిని చదవగలవారు ఇంట్లో లేకపోవచ్చు.

తప్పక తెలియజేయవలసిన సందర్భాలు

నొప్పి మందులు

ఒళ్ళు నొప్పులకు, మోకాళ్ళ నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయడం గ్రామాలలో సర్వసాధారణం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి మందులు బైపాస్ అయినవారిలో జీర్ణాశయపు సంచి, ప్రేగు కలిసేచోట పుండు కలిగించవచ్చు. అది రక్తస్రావానికి, రంధ్రం పడడానికి దారితీయవచ్చు. సూది రూపంలో తీసుకుంటే ప్రమాదం ఉండదనుకోవడం పొరపాటు. ఈ మందులు రక్తం ద్వారా కూడా జీర్ణాశయపు పొర రక్షణను తగ్గిస్తాయి. సాధారణంగా తగిన మోతాదులో పారాసిటమాల్ వాడతారు. బీడీ, సిగరెట్ కూడా ఈ పుండుకు కారణమవుతాయి. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్నవారు దానిని సొంతంగా మానరాదు, వైద్యుని అడగాలి.

వాంతులు, గ్లూకోజు సెలైన్

శస్త్రచికిత్స తరువాత వాంతులు చాలా రోజులు కొనసాగితే శరీరంలో థయామిన్ (బి1 విటమిన్) నిల్వలు తరిగిపోతాయి. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. నీరసంగా ఉన్నవారికి "గ్లూకోజు పెట్టడం" వాడుకగా ఉన్న ప్రాంతాలలో ఇది ముఖ్యమైన విషయం. నడకలో తూలడం, వస్తువులు రెండుగా కనిపించడం, మతి తప్పినట్లు మాట్లాడడం దీని లక్షణాలు. రోగి గాని, వెంట ఉన్నవారు గాని "సార్, కడుపు చిన్నగ చేసిన ఆపరేషన్ అయింది, వాంతులు తగ్గుతలేవు, గ్లూకోజుకు ముందు బి1 ఇయ్యాల్నా?" అని అడగడం ఎంతో మేలు చేస్తుంది.

కడుపునొప్పి

మొదటి వారాలలో జ్వరం, ఆయాసం, భుజం నొప్పి, నిమిషానికి 120కి పైగా గుండె వేగం ఉంటే కుట్లవద్ద లీకు అయి ఉండవచ్చు. ఇది అత్యవసర పరిస్థితి. బైపాస్ అయిన నెలలకు, సంవత్సరాలకు కూడా ప్రేగు లోపలి ఖాళీలలోకి జారి మెలిపడవచ్చు. అప్పుడు నొప్పి వచ్చి పోతూ ఉంటుంది. మామూలు ఎక్స్-రే, అల్ట్రాసౌండులలో అది కనిపించకపోవచ్చు. "గ్యాస్ నొప్పి" అని పంపివేస్తే సి.టి. స్కాన్ అవసరమా అని అడగడం, శస్త్రచికిత్స చేసిన వైద్యునితో ఫోనులో మాట్లాడమని కోరడం రోగి బాధ్యత కూడా. బరువు వేగంగా తగ్గే కాలంలో పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడడం కూడా సాధారణమే.

గర్భధారణ

శస్త్రచికిత్స తరువాత 12 నుండి 18 నెలలవరకు గర్భం ధరించవద్దని వైద్యులు సూచిస్తారు. బైపాస్ అయినవారిలో నోటి ద్వారా తీసుకునే గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. గర్భిణులందరికీ ఆరోగ్య కేంద్రాలలో 75 గ్రాముల గ్లూకోజు తాగించి మధుమేహ పరీక్ష చేస్తారు. బైపాస్ అయిన స్త్రీకి ఈ తీపి నీరు ఒక్కసారిగా ప్రేగులోకి దిగి గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం కలిగించవచ్చు. దీనిని డంపింగ్ అంటారు. అట్టివారికి 24-28 వారాల మధ్య సుమారు వారంరోజులు ఇంటివద్ద గ్లూకోమీటరుతో రక్తపరీక్షలు చేసుకోవడం ఒక ప్రత్యామ్నాయం. ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు ఈ సంగతి మొదటి పరీక్షనాడే చెప్పాలి.

దీర్ఘకాలిక మందులు, పోషకాలు

శస్త్రచికిత్స అయిన కొద్దిరోజులలోనే రక్తంలో చక్కెర తగ్గవచ్చు. పాత మోతాదులోనే ఇన్సులిన్, చక్కెర మాత్రలు, రక్తపోటు మాత్రలు కొనసాగిస్తే ప్రమాదం. ఇనుము, బి12, విటమిన్ డి, కాల్షియం మాత్రలు జీవితాంతం అవసరమవుతాయి. ప్రభుత్వ కేంద్రాలలో సాధారణంగా ఇచ్చేది కాల్షియం కార్బొనేట్. బైపాస్ తరువాత కాల్షియం సిట్రేట్ మేలుగా ఒంటపడుతుంది. కాల్షియం, ఇనుము మాత్రల మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి. రక్తపరీక్షలు మొదటి సంవత్సరం 3, 6, 12 నెలలకు, తరువాత ఏటేటా చేయించాలి.

చెప్పడానికి అడ్డంకులు

స్థూలకాయాన్ని జబ్బుగా కాక తిండిపోతు తనంగా చూసే అలవాటు సమాజంలో ఉన్నది. అందుచేత కొందరు ఈ శస్త్రచికిత్సను బంధువులకు, అత్తవారింటివారికి కూడా చెప్పరు. ఆసుపత్రికి తోడు వచ్చినవారికే విషయం తెలియకపోతే, రోగి స్పృహలో లేనప్పుడు చెప్పేవారు ఉండరు. దావత్‌లలో "ఇంత తక్కువ తింటివేంది" అని బలవంతం చేయడం, కల్లు, మద్యం పోయడం మరొక ఇబ్బంది. బైపాస్, స్లీవ్‌ల తరువాత మద్యం త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. అందరికీ చెప్పనవసరం లేదు. ఇంటిలో కనీసం ఒకరికైనా తెలిసి ఉండటం క్షేమకరం.

వెంట ఉంచుకోవలసిన కార్డు

జేబులో పట్టే కార్డుమీద తెలుగులోను, ఆంగ్లంలోను ఈ వివరాలు వ్రాసి ఉంచుకొనడం మంచిది.

* శస్త్రచికిత్స పేరు, తేదీ, ఆసుపత్రి, వైద్యుని ఫోను సంఖ్య
* వాడకూడని నొప్పి మందుల పేర్లు
* వాంతులు ఉంటే గ్లూకోజుకు ముందు థయామిన్ ఇవ్వాలన్న సూచన
* ముక్కుద్వారా గొట్టం వేయవలసివస్తే జాగ్రత్త అవసరమన్న సూచన
* ప్రస్తుతం వాడుతున్న మందులు, విటమిన్లు
* విషయం తెలిసిన కుటుంబసభ్యుని ఫోను సంఖ్య

108 అంబులెన్సు సిబ్బందికి కూడా ఈ కార్డు ఉపయోగపడుతుంది.

రోగి హక్కులు

భారత వైద్య మండలి 2002 నాటి నియమావళి ప్రకారం రోగి గాని, అతని తరఫువారు గాని కోరితే వైద్య రికార్డులను 72 గంటలలోగా ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరినవారి రికార్డులను చికిత్స మొదలైన తేదీనుండి 3 సంవత్సరాలు భద్రపరచాలి. ఆ గడువు దాటితే అవి దొరకకపోవచ్చు కనుక డిశ్చార్జి పత్రంతో పాటు శస్త్రచికిత్స వివరాల ప్రతిని కూడా ముందే తీసుకొనడం అవసరం. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో తనకు అర్థమయ్యే భాషలో సమాచారం పొందే హక్కు, రికార్డులు పొందే హక్కు, రెండవ వైద్యుని అభిప్రాయం తీసుకొనే హక్కు ఉన్నవి. వైద్యసేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీం కోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తీర్పు ఇచ్చింది.

అడగడం వైద్యుని ధిక్కరించడం కాదు. రోగి చెప్పిన ఒక్క మాటతో సూది మార్చుకున్న వైద్యుడు తన విధిని సక్రమంగా నిర్వర్తించినట్లే. ఆ మాట చెప్పిన రోగి కూడా తన చికిత్సలో తన వంతు పని చేసినట్లే.

ఇవి కూడా చూడండి

* స్థూలకాయం
* మధుమేహం
* రక్తహీనత
* జీర్ణాశయం