ప్రహరీ గోడకు ఏ రాయి ‘టోపీ’ పెట్టాలి? కొనే ముందు ఇవి చూసుకోండి

ఇల్లు కట్టేటప్పుడు అందరి దృష్టీ గేటు మీద, ముందు ఎలివేషన్ మీదే ఉంటుంది. ప్రహరీ గోడ దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బులు అయిపోతాయి. గోడ లేపి, పైన కాస్త సిమెంట్ పూసి మేస్త్రీ వెళ్లిపోతాడు. రెండు వానాకాలాలు గడిచాక ఆ గోడ మీద నల్లటి చారలు పడతాయి. రంగు పొరలుగా ఊడుతుంది, మొక్కల వైపు ప్లాస్టరింగ్ ఉబ్బుతుంది. అప్పుడు పెయింట్ మంచిది కాదని తిట్టుకుంటారు. కానీ చాలాసార్లు తప్పు రంగుది కాదు, గోడ నెత్తిన సరైన రాయి లేకపోవడమే అసలు కారణం.

గోడ పైన పరిచే ఈ రాతినే కోపింగ్ అంటారు. ఇది గోడకు టోపీ లాంటిది. ఇంటి కిటికీకి ఛజ్జా చేసే పనే ప్రహరీ గోడకు కోపింగ్ చేస్తుంది. వాన నీళ్లు గోడలోకి దిగకుండా, గోడ మీదుగా కారకుండా దూరంగా పడేస్తుంది.

ఏ రాయి ఎలాంటిది?

హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కువగా దొరికేవి మూడు రకాలు.

తాండూరు, షాబాద్ బండలు: వికారాబాద్ జిల్లా తాండూరు, దానికి అవతల కర్ణాటకలోని షాబాద్ ప్రాంతాల్లో దొరికే సున్నపురాయి ఇది. సహజంగానే పలకలు పలకలుగా విడిపోతుంది కాబట్టి ధర తక్కువ. అదే దీని బలహీనత కూడా. నాసిరకం బండ ఎండకు, వానకు పొరలు లేస్తుంది. అంచు చూస్తే పొరల మధ్య సన్నని పగుళ్లు కనిపిస్తాయి. అలాంటివి పక్కన పెట్టేయాలి.

కడప బండ: ఇది కూడా సున్నపురాయే, నల్లగా ఉంటుంది. పాలిష్ చేసిన కొత్తలో మెరుస్తుంది కానీ ఆరుబయట ఎండకు ఆ నలుపు నిలవదు, మెల్లగా బూడిద రంగుకు తిరుగుతుంది.

గ్రానైట్: గట్టి రాయి, నీళ్లు చాలా తక్కువగా పీలుస్తుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. ధర ఎక్కువ. వంటగది గట్టుకు వాడగా మిగిలిన పలుచటి ముక్కలను గోడ మీద పరిచేస్తుంటారు, అవి అంచుల్లో తొందరగా విరుగుతాయి.

ఒక జాగ్రత్త. పని అయ్యాక సిమెంట్ మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడగడం చాలాచోట్ల అలవాటు. తాండూరు, కడప రాళ్ల మీద యాసిడ్ పడితే పైపొర కరిగి తెల్లబడుతుంది. మాలు ఆరకముందే తడిగుడ్డతో తుడిపిస్తే ఆ అవసరమే రాదు.

పేరు కంటే కొలత ముఖ్యం

రాయి ఏదైనా, కొలత తప్పితే డబ్బులు వృథా. గోడ అంచుతో సమానంగా పరిచిన ఖరీదైన గ్రానైట్ కంటే, రెండు అంగుళాలు బయటికి వచ్చిన మామూలు తాండూరు బండే గోడను బాగా కాపాడుతుంది.

వెడల్పు: 9 అంగుళాల గోడ రెండు వైపులా ప్లాస్టరింగ్ అయ్యాక దాదాపు 10 అంగుళాలవుతుంది. రెండు పక్కలా 2 అంగుళాల చొప్పున కలిపితే రాయి వెడల్పు 14 అంగుళాలు ఉండాలి. 60 అడుగుల గోడకు 70 చదరపు అడుగులు పడుతుంది. కోతలో పోయేదానికి మరో పది శాతం కలిపి 77 చదరపు అడుగులు తీసుకోవాలి.

మందం: ఒకటిన్నర అంగుళం ఉంటే మంచిది. ముప్పావు అంగుళం బండకు కింద గాడి కొడితే అక్కడ రాయి సగమే మిగులుతుంది.

గాడి: బయటికి వచ్చిన అంచు అడుగున, పొడవునా సన్నని గాడి కొట్టించాలి. నీటి చుక్క రాయి అడుగుభాగాన్ని పట్టుకుని గోడ వైపు పాకుతుంది. గాడి దగ్గరికి రాగానే దారి తెగి కింద పడిపోతుంది. గోడ మీద నల్ల చారలు పడకుండా చేసేది ఇదే. గాడి గోడకు దగ్గరగా కాకుండా అంచు వైపు ఉండాలి. షాపులోనే మెషిన్ మీద కొట్టించుకుంటే పని శుభ్రంగా ఉంటుంది.

పక్కింటి వాళ్ల సంగతి

వాలు ఎప్పుడూ మన వైపే ఉండాలి. మన గోడ మీద నీళ్లు పక్కింటి వాకిట్లో పడితే ఏళ్ల తరబడి మాటలు పెరుగుతాయి. రాయి అంచు కూడా అవతలి జాగా మీదికి వెళ్లకూడదు. అందుకే గోడ పునాది తీసేటప్పుడే ఆ 2 అంగుళాలు మన స్థలంలో వదులుకోవాలి. గోడ ఇద్దరిదీ అయితే పని మొదలుపెట్టక ముందే కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

పరిచేటప్పుడు

రాయి కింద అక్కడక్కడా మాలు ముద్దలు పెట్టి వదిలేయకూడదు. పూర్తిగా పరవాలి. రాయికీ రాయికీ మధ్య కొంచెం సందు వదిలి నింపాలి. ఎండకు రాయి సాగుతుంది, సందు లేకపోతే జాయింట్లు పగులుతాయి. ముందు పాడయ్యేది జాయింట్లే కాబట్టి, రాయి కింద వాటర్‌ప్రూఫ్ పొర వేయిస్తే లోపలి గోడకు రక్షణ.

దొంగల భయంతో పైన గాజు పెంకులు గుచ్చడం, ఇనుప ఊచలు దించడం మామూలే. ప్రతి రంధ్రం నీటికి ఒక దారి. పైగా ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే రాయినే చీలుస్తుంది. గ్రిల్ తప్పనిసరైతే దాన్ని గోడ లోపలి పక్కన బిగించాలి.

కోపింగ్ అన్నిటికీ మందు కాదు. 2020 అక్టోబర్ భారీ వర్షాల్లో హైదరాబాద్ బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. వెనక మట్టి, నీళ్లు ఒత్తుతున్న గోడకు, పక్కకు ఒరిగిన గోడకు పైన రాయి పెట్టడం బరువు పెంచడమే. అలాంటి గోడను ముందు ఇంజినీర్‌కు చూపించాలి.

పని బాగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక బకెట్ నీళ్లు చాలు. మేస్త్రీకి చివరి డబ్బులు ఇచ్చే ముందు రాయి మీద నీళ్లు పోసి, కింద వంగి చూడాలి. చుక్కలు గాడి దగ్గర తెగి నేల మీద పడితే సరే. గోడ తడిస్తే మేస్త్రీ అక్కడ ఉండగానే సరిచేయించుకోవాలి.