ఉత్తర, హస్త కార్తెల ఉరుములు

శరత్కాలమనగానే తెలుగు సాహిత్యముతో పరిచయము గలవారికి తేటపడిన ఆకాశము, తెల్లని మేఘములు, రెల్లుపూలు, పండువెన్నెల స్ఫురించును. ఆదికవి నన్నయభట్టారకుని లేఖిని ఆరణ్యపర్వమున శారదరాత్రుల వర్ణన దగ్గరనే నిలిచిపోయినదని ప్రతీతి. తరువాతి కవులలో పెక్కురు వర్షర్తువును వర్ణించి ముగించి, మేఘములను సాగనంపి, ఆ వెంటనే వెన్నెలను దింపిరి. కాని పొలమును నమ్ముకొన్న రైతునకు ఋతువులు పద్యములవలె ఒకదాని వెనుక నొకటి వరుసగా రావు. వెళ్ళునది వెళ్ళకముందే వచ్చునది గుమ్మములో నిలుచును. ఆ సంధికాలమే మిక్కిలి ప్రమాదకరమైనది.

సెప్టెంబరు నడిమినుండి అక్టోబరు నడిమివరకు తెలుగు మైదానములలో ఇట్టి దినములు పెక్కు వచ్చును. ఉదయమున ఆకాశము కడిగిన అద్దమువలె నుండును. మధ్యాహ్నము ఉక్క పోయును. మూడు గంటలకు ఏదో యొక మూలనుండి ఒక మబ్బు కొండవలె లేచును. నాలుగు గంటలకు చీకటి క్రమ్మును, చల్లని గాలి విసురున వచ్చును, ఉరుములు మొదలగును. అయిదున్నరకు మరల ఎండ కాయును. ఆ గంటన్నరలో ఒక ఊరి కుంట నిండవచ్చును. ప్రక్క ఊరిలో దుమ్మైనను అణగకపోవచ్చును. ఆ గంటన్నరలోనే చెట్టుక్రింద తలదాచుకొన్న పశులకాపరి ప్రాణమును పోవచ్చును.

కార్తెల లెక్క

రైతు ఈ దినములను నెలలతో గాక కార్తెలతో లెక్కించును. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నిలుచు పదుమూడు పదునాలుగు దినములే ఒక కార్తె. సెప్టెంబరు 13 ప్రాంతమున ఉత్తర, 27 ప్రాంతమున హస్త, అక్టోబరు 10 ప్రాంతమున చిత్త ప్రవేశించును. "ఉత్తర చూసి ఎత్తర గంప" అనునది తెలుగునాట వినని వారుండరు. ఉత్తరకార్తె నాటికిని వానలు కురియనిచో గంప నెత్తిన బెట్టుకొని ఊరు విడువవలసినదే యని దాని భావము. ఒక సూచన, దానిపై ఒక నిర్ణయము, ఈ రెండును నాలుగు మాటలలో ఇమిడియున్నవి. వాతావరణ సూచనకు పరమార్థమును అదియే. చూడవలెను, చూచి ఏదో యొకటి చేయవలెను.

వానను ముందుగా తెలిసికొనవలెనన్న తపన ఈ దేశమున నిన్న మొన్నటిది కాదు. వానను కొలుచుటకు పాత్ర నుంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భ లక్షణములను, వర్షసూచనలను కొన్ని అధ్యాయములుగా వివరించెను. నేటికిని ఉగాదినాడు పంచాంగ శ్రవణమున ఆ సంవత్సరపు వాన ఎన్ని కుంచములో, అందు సముద్రమునకు ఎంత, పర్వతములకు ఎంత, భూమికి ఎంత యని పంచుచునే యున్నారు. అయితే పంచాంగము సంవత్సరమునకు చెప్పును. కార్తె పక్షము దినములకు చెప్పును. పిడుగు క్షణములో పడును. ఈ మూడు కాలమానములకును పొత్తు కుదురుట లేదు.

మబ్బు కొండవలె లేచుటకు కారణము

నైరృతి ఋతుపవనములు పశ్చిమ రాజస్థానమునుండి తిరుగుముఖము పట్టుట సాధారణముగా సెప్టెంబరు 17 ప్రాంతమున జరుగును. అక్టోబరు 15 నాటికి అవి దేశమంతటినుండి తొలగును. కోస్తా, రాయలసీమలకు ఈశాన్య ఋతుపవనములు వచ్చుట అక్టోబరు 20 ప్రాంతమున. ఈ నడుమ గాలికి స్థిరమైన దిక్కు లేదు. ఆషాఢ శ్రావణములలో ఆకాశమును కప్పియుండిన మబ్బుల దుప్పటి చినుగుటచే ఎండ సూటిగా నేలను తాకును. నేలలోను, చెరువులలోను, వరిమళ్ళలోను నీరు నిండుగా నుండును. బంగాళాఖాతము తన తేమను పంపుచునే యుండును. వేడియు తేమయు కూడినచోట గాలి తేలికపడి పైకెగయును. ఎగసినకొలది చల్లబడి, అందలి ఆవిరి నీటిబిందువులుగా మారి, ఆ మార్పులో వెలువడిన వేడిచే మరింత పైకి పోవును. క్యుములోనింబస్ అని శాస్త్రజ్ఞులు పిలుచు మేఘము ఇట్లు పుట్టినదే. దాని శిఖరము పండ్రెండు, పదునైదు కిలోమీటర్ల ఎత్తునకు చేరుట అరుదు కాదు. ఎవరెస్టు శిఖరపు ఎత్తు తొమ్మిది కిలోమీటర్లకు లోపే యన్నచో ఈ మబ్బుకొండ ఎంతటిదో ఊహింపవచ్చును.

అంత ఎత్తున నీరు నీరుగా నిలువదు. సన్నని మంచు పలుకులును, వానికంటె బరువైన మంచు గుండ్లును ఒకదానితో నొకటి ఒరసికొనును. ఆ ఒరపిడిలో విద్యుదావేశము వేరుపడి, సాధారణముగా ధనావేశము మబ్బు తలకును, ఋణావేశము నడుమకును క్రింది భాగమునకును చేరును. భారము మితిమీరినప్పుడు గాలిని చీల్చుకొని విద్యుత్తు ప్రవహించును. అది మబ్బులోనే జరిగినచో మెరుపు. నేలను తాకినచో పిడుగు. ఆ బాటలోని గాలి ఒక్క క్షణము సుమారు ముప్పదివేల సెంటిగ్రేడు డిగ్రీలకు కాగును. ఇది సూర్యుని ఉపరితలపు వేడిమికి అయిదు రెట్లు. అట్లు కాగిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించుటవలన పుట్టిన ధ్వనియే ఉరుము.

"ఒకటి రెండు చోట్ల"

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. అంతకు పూర్వమే విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు స్వంత ధనముతో వేధశాల నెలకొల్పగా, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించెను. నేడు అమరావతి, హైదరాబాదులలోని వాతావరణ కేంద్రములు దినదినము సూచనలను వెలువరించుచున్నవి. విశాఖపట్టణము, మచిలీపట్టణము, హైదరాబాదులలో డాప్లర్ రాడార్లు మబ్బుల కదలికను కనిపెట్టుచున్నవి.

ఈ సూచనలలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు కురియవచ్చును." ఈ మాటను విని నవ్వువారు పెక్కురు. ఎక్కడ కురిసినను చెప్పిన మాట నిజమేయగును గావున ఇది తప్పించుకొను మాటయని వారి ఆక్షేపణ. కాని ఈ మాటకు ఒక కొలత కలదు. ఒక ప్రాంతములోని వర్షమాపక కేంద్రములలో నాలుగవ వంతుకు మించని చోట్ల వాన పడునన్నచో "ఒకటి రెండు చోట్ల" అందురు. సగము వరకైనచో "కొన్ని చోట్ల". ముప్పాతిక వరకైనచో "అనేక చోట్ల". అట్లే ఇరువది నాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటినగాని "భారీ వర్షము" అనరు, 115.6 మిల్లీమీటర్లనుండి "అతి భారీ", 204.4 దాటినచో "అత్యంత భారీ". పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలును ఇట్టివే. పసుపు గమనింపుమనును, నారింజ సిద్ధపడుమనును, ఎరుపు తక్షణము కదలుమనును.

"పిడుగుకును బియ్యమునకును ఒకే మంత్రమా" యని సామెత. వాయుగుండమునకును పిడుగువానకును గూడ ఒకే మంత్రము పనిచేయదు. వాయుగుండము వందల కిలోమీటర్ల మేర వ్యాపించి కొన్ని దినములు బ్రతుకును. దాని రాకను మూడు నాలుగు దినములు ముందుగా చెప్పవచ్చును. పిడుగుమబ్బు వెడల్పు కొన్ని కిలోమీటర్లు. ఒంటరి మబ్బు ఆయువు ఇంచుమించు ఒక గంట. రేపు ఈ జిల్లాలో పిడుగులు పడు పరిస్థితి యున్నదని చెప్పవచ్చునేగాని, రేపు నాలుగు గంటలకు ఈ ఊరి చింతతోపుపై పడునని ఎవ్వరును చెప్పజాలరు. అందుచేతనే మూడు గంటల కాలమునకు మాత్రము వర్తించు తక్షణ సూచనలను వేరుగా నిచ్చుచున్నారు. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలముల పేర్లతో పిడుగు హెచ్చరికలను పంపుచున్నది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన "దామిని" యను అప్లికేషను దాపున పిడుగులు పడుచున్నచో ఫోనులో తెలుపును. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశమున పదుమూడు గంటలలో 36,749 పిడుగులు పడినట్లు లెక్క తేలినదన్నచో, పిడుగును లెక్కించు విద్య ఎంత పెరిగినదో తెలియును.

రక్షించిన చింత, భక్షించు చింత

1908 సెప్టెంబరు 28. హస్తకార్తె ప్రవేశించిన దినములు. కుండపోతగా కురిసిన వానకు మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివైచినది. వేలకొలది జనులు మరణించిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి నూటయేబది మంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ ఉపద్రవము తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు వెలసినవి.

వరదనాడు ప్రాణము నిలిపిన ఆ చింతచెట్టే పిడుగువాననాడు ప్రాణము తీయునది యగును. తెలుగు పల్లెలో వాన వచ్చినప్పుడు చెట్టుక్రిందికి పోవుట తరతరాల అలవాటు. అది చెట్టుపై జనులకు గల విశ్వాసము. కాని పిడుగు ఎత్తైన దానిని వెదకును. తడిసిన మ్రానునుండి ప్రక్కనున్న మనిషి దేహములోనికి దుముకును. నేలలో నలుదిక్కులకు ప్రాకి పాదములనుండి గూడ ఎక్కును. పశువుల ముందు కాళ్ళకును వెనుక కాళ్ళకును దూరమెక్కువ గావున ఒకే చెట్టుక్రింది మంద మొత్తము కూలుట ఇందువలననే.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కప్రకారము 2022లో దేశమున 2,887 మంది పిడుగుపాటున మరణించిరి. ప్రకృతి వైపరీత్యములకు ఆ సంవత్సరము బలియైనవారిలో మూడవ వంతుకు పైగా వీరే. తుపాను వచ్చినచో పత్రికలు పుటలు నింపును. పిడుగు ఒకచోట ఒకరిని, వేరొకచోట ఇద్దరిని తీసికొనిపోవును గావున లోపలి పుటలో నాలుగు పంక్తులతో సరిపోవును.

ఎవరు వినవలెను?

ఈ దినములలో పొలములలో నుండువారెవరు? వరిచేలో కలుపు తీయు స్త్రీలు, తెలంగాణమున తొలి పత్తి ఏరుటకు పోవు కూలీలు, అనంతపురము వైపు వేరుసెనగ పెరుకువారు, బతుకమ్మకై తంగేడు, గునుగు పూలు కోయుటకు చెలకలకు పోవు బాలికలు, గొఱ్ఱెల కాపరులు. హెచ్చరిక ఫోనునకు వచ్చును. ఫోను ఇంటివద్దనో గట్టుమీది సంచిలోనో ఉండును. చేతికందినను, మూడు గంటలకు పని విడిచినచో ఆనాటి కూలి దక్కునో లేదో యను సందేహము వెంటాడును. మబ్బును చూచి "లేవండి, పోదము" అనగల అధికారము పత్తి ఏరు కూలికి లేదు. పొలము యజమానికి కలదు. ఆయన ఆ మాట అననిచో రాడారు కనిపెట్టినదంతయు వ్యర్థమే. పొలములలో తలదాచుకొనుటకు గట్టి కట్టడము అరుదు. గడ్డి గుడిసెయు మంచెయు పిడుగునుండి కాపాడవు; అన్ని వైపుల మూసిన కారు, బస్సు, సిమెంటు కప్పు గల గది కాపాడును. ఏదియు లేనప్పుడు చెట్లకును కరెంటు స్తంభములకును దూరముగా, పాదములు దగ్గరగా జేర్చి గొంతుక కూర్చొనవలెనుగాని నేలపై పరుండరాదు. పిడుగు తగిలినవానిని ముట్టరాదన్నది అపోహ. ఆ దేహమున విద్యుత్తు నిలిచియుండదు. వెంటనే గుండెను ఒత్తి, ఊపిరి ఊదినచో బ్రతికినవారు కలరు.

పది పేర్లు

ఉరుము వినగానే "అర్జునా, ఫల్గుణా" యని పార్థుని పది పేర్లను తలచుట తెలుగు ఇండ్లలో పిల్లలకు పెద్దలు నేర్పు అలవాటు. విరాటపర్వమున జమ్మిచెట్టు దగ్గర ఈ పది పేర్లను అర్జునుడు వివరించినది భయపడిన ఉత్తరకుమారునకు. భయమును పోగొట్టు ఈ నామములే భయపడవలసిన సమయమును గూడ తెలుపగలవు. ధ్వని మూడు సెకండ్లలో ఒక కిలోమీటరు పోవును. తొందరలేక పది పేర్లను పలుకుటకు సుమారు పది సెకండ్లు పట్టును. మెరుపు కనబడగానే మొదలిడి, మూడు పర్యాయములు ముగియకముందే ఉరుము వినబడినచో, పిడుగు పది కిలోమీటర్లలోపే యున్నది. అప్పుడు నాలుగవమారు పలుకుచు చెట్టుక్రింద నిలువరాదు, ఇల్లు చేరవలెను. చివరి ఉరుము వినబడిన అరగంట వరకును బయటికి రారాదు.

ఉత్తరకుమారుడు పది పేర్లు విని ధైర్యము తెచ్చుకొని పగ్గములు పట్టెను. పూర్వపు రైతు ఉత్తరను చూచి గంప నెత్తెను. వినుట, చూచుట పనిలో సగమే. మిగిలిన సగము మూడు గంటలవేళ, కొండవలె లేచిన మబ్బు నెదుట, చేను గట్టున నిలిచి కూలీలను ఇంటికి పంపు ఆ ఒక్క మాటలో నున్నది.