తల్లి తాబేలుకు దక్కని సెలవు

ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటేసరికి విశాఖ ఫిషింగ్ హార్బరు బోట్లతో కిక్కిరిసిపోతుంది. మరపడవలన్నీ ఒకదాని పక్కన ఒకటి లంగరు వేసుకుంటాయి. ఐసు ఫ్యాక్టరీల దగ్గర సందడి తగ్గుతుంది. మర్నాటి నుంచి గట్టు మీద వలలు బాగుచేసుకునేవాళ్లు, బోట్లకు రంగులు వేసేవాళ్లు కనిపిస్తారు. జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరపడవలూ ఇంజను బిగించిన పడవలూ వేటకు వెళ్లకూడదు. బెంగాల్ నుంచి తమిళనాడు దాకా తూర్పు తీరమంతా ఇదే లెక్క. ఇంజను లేని నాటు పడవలకూ తెప్పలకూ మాత్రం మినహాయింపు ఉంది.

చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రాన్ని కొంత విడిచిపెడితే తర్వాత వలలు నిండుతాయన్నది ఈ నిషేధం వెనుక ఉన్న ఆలోచన. ఇంతకుముందు ఇది 47 రోజులే ఉండేది, 2015లో 61కి పెంచారు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు చేపల వేట మీద అధికారం రాష్ట్రానిది. ఆ పైన కేంద్రానిది. ఆంధ్రప్రదేశ్‌కు 1994 నాటి సముద్ర మత్స్య నియంత్రణ చట్టం ఉంది. దాని కింద తీరానికి దగ్గరి 8 కిలోమీటర్ల నీళ్లను సంప్రదాయ మత్స్యకారులకు కేటాయించారు.

నిషేధం నిలబడటానికి ముఖ్యమైన కారణం డబ్బు. వేట లేని రోజుల్లో ఇల్లు గడవడానికి రాష్ట్రం ఒకప్పుడు కుటుంబానికి 4,000 రూపాయలు ఇచ్చేది. 2019లో అది 10,000 అయింది, 2025లో 20,000కు చేరింది. రెండు నెలల సంపాదనకు ఇది సరితూగదు. అయినా రేవులో బోటు కట్టేసినవాడికి తన త్యాగాన్ని ప్రభుత్వం లెక్కలో వేసుకుందన్న నమ్మకం కలుగుతుంది. నిబంధనల మీద అలాంటి నమ్మకం లేని చోట ఏం జరుగుతుందో 2022 జనవరిలో విశాఖ చూసింది. రింగు వలల వాడకంపై మత్స్యకార పల్లెల మధ్య గొడవ ముదిరి, చివరికి పడవలు తగలబడ్డాయి.

సముద్రంలో ఈ సెలవు అందని ప్రాణి ఒకటుంది. ఆలివ్ రిడ్లే తాబేలు ఏటా చలికాలంలో మన తీరానికి చేరి, జనవరి నుంచి ఏప్రిల్ లోపల ఇసుకలో గుడ్లు పెడుతుంది. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లుంటాయి. చట్టం దీనికి పులికి ఇచ్చిన స్థాయి ఇచ్చింది, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. కూర్మనాథుడికి గుడి కట్టిన శ్రీకూర్మం ఉన్నది కూడా ఈ తీరానికి దగ్గరలోనే. కానీ తాబేలు ఒడ్డుకు దగ్గరగా తిరిగే ఆ నెలల్లోనే ట్రాలర్లు ముమ్మరంగా వేటాడతాయి. తాబేలు నీళ్లలో బతికినా ఊపిరి పీల్చేది గాలినే. గంటల తరబడి అడుగున ఈడ్చే వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. ఉబ్బిన కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. వేట నిషేధం మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే కాలం దాదాపు ముగిసిపోతుంది. చేపల కోసం వేసిన తేదీలు తాబేలుకు సరిపోవు.

దీనికి విరుగుడు ఉంది. ట్రాల్ వల గొంతు దగ్గర ఏటవాలుగా లోహపు కమ్మీల చట్రం బిగిస్తారు. రొయ్యలూ చిన్న చేపలూ కమ్మీల సందుల్లోంచి వల చివరికి వెళ్తాయి. తాబేలు చట్రానికి తగిలి, అక్కడున్న కిటికీలోంచి బయటపడుతుంది. మన వలలకు తగినట్టుగా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీన్ని రూపొందించింది. చట్రం పెడితే వేట తగ్గిపోతుందన్నది బోటు యజమానుల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. డీజిలు, ఐసు, కూలీల ఖర్చు పోను మిగిలేదాని మీద బతికేవాడికి ఒక్క బుట్ట రొయ్యలు తగ్గినా తేడానే.

అయితే చట్రం పెట్టకపోవడానికీ వెల ఉంది. తాబేలుకు దారి వదలని వలల్లో పట్టిన రొయ్యను కొనకూడదని అమెరికా 1989లోనే చట్టం చేసింది. దాని మీద భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో వచ్చిన తీర్పు అమెరికా దాన్ని అమలు చేసిన తీరును తప్పుపట్టింది, తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశాన్ని మాత్రం కాదు. 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు ఆ మార్కెట్ మూసుకుపోయింది. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఈ నిబంధన వర్తించదు కాబట్టి భీమవరం రైతుకు ఈ దెబ్బ తగల్లేదు. బోటు మీద బతికేవాడికే తగిలింది.

పక్క రాష్ట్రం ఒడిశా తాబేలు కాలాన్ని చూసే తేదీలు వేసింది. ధామ్రా, దేవి, ఋషికుల్య నదీ ముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా, 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం. నష్టపోయే కుటుంబాలకు సాయం చేస్తోంది. లక్షల తాబేళ్లు ఒకేసారి గుడ్లు పెట్టే ఋషికుల్య గంజాం జిల్లాలో ఉంది. ఆ తీరంలో వలలు వేసే మత్స్యకారుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. గూళ్లకు కాపలా కాసేవాళ్లలో ఆ పల్లెల యువకులు కూడా ఉన్నారు. గుజరాత్‌ది మరో దారి. తిమింగల సొర వలలో పడితే వల కోసి వదిలేసిన మత్స్యకారుడికి అక్కడి అటవీశాఖ వల ఖరీదు చెల్లిస్తుంది. ఒకప్పుడు ఆ సొరను వేటాడిన ఊళ్లే దాన్ని వందల సంఖ్యలో ప్రాణాలతో సముద్రంలోకి వదిలాయి.

మన తీరంలో ఇలాంటి పనికి మనుషులు లేకపోలేదు. అటవీశాఖతో కలిసి ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు గుడ్ల సంరక్షణ కేంద్రాలు నడుపుతున్నాయి. మత్స్యకార పల్లెలవాళ్లే రాత్రిళ్లు ఇసుకలో నడిచి గూళ్లు వెతుకుతారు. కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లను కంచె లోపలికి తెచ్చి పూడ్చిపెడతారు. ఏడు వారాల తర్వాత పిల్లలు బయటికొస్తే అలల దాకా వదిలి వస్తారు. వాళ్లు అడగాల్సింది, వాళ్ల తరఫున మిగతావాళ్లు రాష్ట్రాన్ని అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. గూళ్లు ఎక్కువగా ఉన్న చోట్ల, కాకినాడ హోప్ ఐలాండ్ లాంటి తావుల దగ్గర, జనవరి నుంచి మార్చి దాకా కొన్ని కిలోమీటర్ల నీళ్లను ట్రాలర్లకు మూసి, ఆ రోజులకు కూడా భృతి కట్టివ్వాలి.

ఫిబ్రవరి చివర్లో పెట్టిన గుడ్లు ఏప్రిల్ నడిమిలో పగులుతాయి. బోట్లు లంగరు వేసుకునేది కూడా అప్పుడే. ఆ పిల్లలు దిగే సముద్రంలో ట్రాలర్ల చప్పుడు ఉండదు. వాటి తల్లులు ఒడ్డుకు వచ్చిన రోజుల్లో ఉండింది.