కొండల మీదుగా మాట్లాడే పెట్టె

1905 చివర్లో న్యూయార్క్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ అనే యువకుడు ‘టెలిమ్‌కో’ పేరుతో ఒక వైర్‌లెస్ సెట్టు అమ్మకానికి పెట్టాడు. పది డాలర్ల లోపే ధర. స్పార్క్ కాయిల్, బ్యాటరీలు, అవతలి కొసన గంట. సంకేతం మైలు దూరం పోయేది. ఇళ్లకు అమ్మిన తొలి రేడియో సెట్టు ఇదేనంటారు. అయినా మరో పాతికేళ్లు చాలామంది హామ్‌లు, అంటే సరదాగా రేడియో నడిపే ఔత్సాహికులు, ట్రాన్స్‌మిటర్‌ను సొంతంగానే కట్టుకున్నారు.

అసలు మలుపు అమెరికాలోని సీడర్ ర్యాపిడ్స్ కుర్రాడు ఆర్థర్ కాలిన్స్‌తో వచ్చింది. 1925లో, పదిహేనేళ్ల వయసులో, ఇంట్లో కట్టిన సెట్టుతో గ్రీన్‌లాండ్ వెళ్లిన మెక్‌మిలన్ యాత్రా బృందంతో సందేశాలు నడిపాడు. 1930ల మొదట్లో హామ్‌ల కోసం ట్రాన్స్‌మిటర్లు తయారుచేసి అమ్మసాగాడు. 1933లో కంపెనీ పెట్టాడు. ఆ కాలపు ఇంటి సెట్లు వేడెక్కేకొద్దీ పౌనఃపున్యం జారిపోయేది, వినేవాడు డయల్ తిప్పుతూ వెంటపడేవాడు. క్వార్ట్జ్ స్ఫటికం ఆ జారుడును ఆపింది. బర్డ్ అంటార్కిటికా యాత్రకు కాలిన్స్ పరికరాలే వెళ్లాయి.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. హ్యాలిక్రాఫ్టర్స్ కంపెనీ హామ్‌ల కోసం చేసిన హెచ్‌టీ-4 ట్రాన్స్‌మిటర్‌ను అమెరికా సైన్యం బీసీ-610గా మార్చి ట్రక్కులకెక్కించింది. బరువు దాదాపు 180 కిలోలు! మన దేశంలో మాత్రం 1939లోనే హామ్‌లు తమ ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించాల్సి వచ్చింది.

యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసిన సామాను పాత సామాన్ల బజార్లకు చేరింది. కొత్త విదేశీ సెట్టు కొనే స్తోమత మన హామ్‌లకు ఎక్కడిది? ఆ సామాన్లలో దొరికిన 807 వాల్వులతో, పాత ట్రాన్స్‌ఫార్మర్లతో ట్రాన్స్‌మిటర్లు కట్టుకున్నారు. వాల్వు ప్లేటు మీద ఆరేడు వందల వోల్టులు ఉండేవి. చెయ్యి తగిలితే ప్రాణం మీదికొచ్చేది. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో మొదలైంది. తానూ హామ్ అయిన రాజీవ్ గాంధీ చొరవతో దిగుమతి సుంకం తొలగాక విదేశీ సెట్లు మనవాళ్ల చేతికి అందసాగాయి.

అరకు లోయలో హామ్ ట్రాన్స్‌మిటర్ విలువ తెలుస్తుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న చోట, చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ సెట్ల తరంగాలకు కొండే గోడ. ఏడు మెగాహెర్ట్జ్ దగ్గరి షార్ట్‌వేవ్ కథ వేరు. తీగను నేలకు మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే కడితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి, ఐనోఆవరణాన్ని తాకి, గొడుగులా చుట్టూ వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. మధ్యలో గాలికొండ ఉన్నా దానికి అడ్డు లేదు. ఎత్తైన టవరు అక్కర్లేదు, కారు బ్యాటరీ చాలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి, అరకు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. హైదరాబాద్ నుంచి హామ్ బృందం విశాఖకు చేరింది. తుపాను వచ్చాక బయల్దేరే బృందం ఎంత త్వరపడినా, తెగిన ఘాట్ రోడ్డు దాన్ని ఆపేయగలదు. అందుకే పాడేరు, అరకు కళాశాలల్లో విద్యార్థులకు లైసెన్సు పరీక్ష రాయించి, ఒక్కో షార్ట్‌వేవ్ స్టేషను ముందే నిలపాలి.