ఉప్పుగాలిలో ఆకుల అందం

పువ్వుల కోసం కాక ఆకుల అందం కోసం పెంచే చెట్లకు సముద్రతీరంలో మొదటి గండం ఉప్పు. మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి చేపలరేవు, మంగినపూడి ప్రాంతాల్లో గాలి ఉప్పు తుంపరను మోసుకొస్తుంది. అది పడిన ఆకు అంచుల నుంచి లోపలికి మాడుతుంది. అందుకే ఇక్కడ రంగు కంటే ముందు ఆకు మందం చూసి చెట్టును ఎంచుకోవాలి.

సముద్రం వైపు వేయదగినవి పొన్న, గంగరావి, బాదం. పొన్న ఆకు దళసరి. నూనె రాసినట్టు మెరుస్తుంది, సన్నని ఈనెలు పక్కపక్కనే బారులు తీరి ఉంటాయి. గంగరావి ఆకు రావి ఆకును పోలి ఉన్నా తోక పొట్టి. బాదం ఆకులు రాలే ముందు ఎర్రబడతాయి: పత్రహరితం తగ్గుతూ ఉంటే ఆంథోసయనిన్ అనే వర్ణకం పైకి కనిపిస్తుంది.

ఈ చెట్ల చాటున రంగుల మొక్కలు నిలుస్తాయి. క్రోటన్లు, తెల్లమచ్చల రబ్బరు మొక్క, చారల ఫైకస్, మడగాస్కర్ బాదంలోని రంగుల రకం ఆ కోవలోవి. క్రోటన్‌కు ఎండ తగిలితేనే రంగు తేలుతుంది. ఆకులోని తెల్లని భాగాల్లో పత్రహరితం ఉండదు కనుక తెల్లమచ్చల మొక్కలు నిదానంగా పెరుగుతాయి, వేసవి ఎండకు త్వరగా మాడతాయి. వాటికి పూర్తి పచ్చని కొమ్మ వస్తే మొదట్లోనే కత్తిరించాలి. లేకపోతే బలమైన ఆ కొమ్మే మొక్కంతటినీ ఆక్రమిస్తుంది. గింజతో ఈ రంగులు నిలకడగా రావు. కొమ్మ నాటిగానీ, అంటుకట్టిగానీ పెంచాలి. కడియం నర్సరీల్లో ఇలా పెంచిన మొక్కలు దొరుకుతాయి.

ఇక్కడి కృష్ణా డెల్టా నల్లమట్టిలో నీరు నిలిస్తే వేర్లు కుళ్లుతాయి. కాబట్టి మట్టిని మెరక చేసి, పశువుల ఎరువు కలిపి నాటాలి. వానలు పడి పైమట్టిలోని ఉప్పు కొంత కిందికి దిగాక నాటడం మేలు. చౌడు నేలకు జిప్సం వేసే ముందు భూసార పరీక్ష చేయించాలి. బోరు నీరు ఉప్పనైతే కాలువ నీరో, పట్టిన వాననీరో పోయాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాన్ల భయం. ఆలోపే గుబురు పలచన చేసి, లేత చెట్లకు ఊతకర్రలు కట్టాలి. గాలివాన వెలిశాక మంచినీటితో ఆకులను కడగాలి. ఆకులు మాడినంత మాత్రాన చెట్టును నరకకూడదు. బెరడు గీకితే లోపల పచ్చగా ఉన్న కొమ్మ మళ్లీ చిగురిస్తుంది. క్రోటన్, ఫైకస్, రబ్బరు మొక్కల పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి కనుక కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి.